పత్రికాధిపతి జోసెఫు పులిట్జరు

ప్రతిదినము ప్రాతఃకాలమున మన యిండ్లకు ఒక అతిథి వచ్చుచుండును. అతడు భోజనము కోరడు, పీట వేయుమనడు. కాని లోకమునందలి సంగతులన్నియు చెప్పి పోవును. ఎవరు మంచివారో, ఎవరు చెడ్డవారో, దేనికి సంతోషింపవలయునో, దేనికి కోపగింపవలయునో కూడ మనకు తెలియకుండగనే మనకు నేర్పుచుండును. ఆ అతిథియే వార్తాపత్రిక. ఇంటి పెద్దల మాటకు ఎదురు చెప్పువారు సైతము అచ్చులో కనబడిన మాటకు తల యూపుచుందురు. ఇంతటి అధికారము గల ఈ అతిథిని ఎంతవఱకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు ఒక మనుష్యుని జీవితమే చక్కని సమాధానముగా నున్నది. అతడు పత్రికచేత గొప్ప మేలు చేసెను. ఆ పత్రికచేతనే గొప్ప కీడునకును చేయూత నిచ్చెను. తుదకు తన ధనమును పత్రికా రచయితలకు విద్య గఱపుటకే విడిచిపోయెను. అతడే జోసెఫు పులిట్జరు.

పులిట్జరు 1847వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన హంగరీ దేశమునందలి మాకో యను పట్టణమున జన్మించెను. తండ్రి యూదుడు, ధాన్య వ్యాపారి. కుటుంబము పెస్టు నగరమునకు తరలిపోయి కొంతకాలము సుఖముగ నుండెను. కాని 1858లో తండ్రి మరణించుటతో వ్యాపారము చెడి, కుటుంబము దారిద్ర్యమున బడెను. జోసెఫు పదునేడేండ్ల ప్రాయమున సైనికుడు కాగోరి ఆస్ట్రియా సైన్యాధికారులను ఆశ్రయించెను. బాలుని దేహము బలహీనమనియు, చూపు మందమనియు చెప్పి వారు త్రిప్పి పంపిరి. ఆ దినములలో అమెరికాయందు ఉత్తర రాష్ట్రములకును దక్షిణ రాష్ట్రములకును ఘోరమైన అంతర్యుద్ధము జరుగుచుండెను. ఉత్తర సైన్యమునకు మనుష్యులను చేర్చు దళారులు ఐరోపాలో సంచరించుచుండిరి. వారికి చిక్కిన ఈ బాలుడు 1864లో ఓడ నెక్కి బోస్టను రేవున దిగెను. అతనికి జర్మను భాషయు, ఫ్రెంచి భాషయు వచ్చును. ఇంగ్లీషు మాత్రము అంతంత మాత్రమే.

అశ్వికదళమున కొన్ని మాసములు పనిచేయు నంతలో, 1865లో యుద్ధము ముగిసెను. పని లేని సైనికులతో న్యూయార్కు వీధులు నిండిపోయెను. పులిట్జరు ఆకలితో తిరుగుచు ఒకనాడు ఫ్రెంచి హోటలు అను బసలో కూర్చుండగా, చిఱిగిన దుస్తులు గల ఇతని ఉనికి పెద్దమనుష్యులకు అసహ్యముగ నున్నదని యజమానులు వెలుపలికి పంపివేసిరని ఒక కథ కలదు. చదువరులు ఈ హోటలు పేరు జ్ఞాపకముంచుకొందురు గాక; దాని ప్రసక్తి మఱల వచ్చును.

అక్కడనుండి అతడు జర్మనులు విశేషముగ నివసించు సెయింటు లూయిసు నగరమునకు పోయెను. కంచరగాడిదలను కాచెను, భోజనశాలలో వడ్డించెను, దొరకిన కూలి యెల్ల చేసెను. పని లేని వేళలయందు పుస్తక భాండాగారమున కూర్చుండి ఇంగ్లీషును, న్యాయశాస్త్రమును అభ్యసించెను. ఆ కాలమున జరిగినట్లు చెప్పబడు సంగతి యొకటి అతని జీవితమునకు త్రోవ చూపెను. లూయిసియానాలోని చెఱకు తోటలలో మంచి జీతమునకు పనులున్నవని చెప్పి యొకడు ఒక్కొక్కరివద్ద అయిదేసి డాలర్లు పుచ్చుకొని, కొందఱిని పొగయోడలో ఎక్కించెను. నగరమునకు ముప్పది మైళ్ల దూరమున వారిని ఒడ్డున దింపి ఓడ వెడలిపోయెను. తోటయు లేదు, పనియు లేదు. మోసపోయిన వారందఱు కాలినడకను తిరిగివచ్చిరి. తిట్టుకొని యూరకుండిన వారిలో పులిట్జరు ఒకడు కాలేదు. ఆ మోసమును ఉన్నదున్నట్లు వ్రాసి అచ్చటి జర్మను పత్రికకు పంపెను. వారు దానిని ప్రకటించిరి. పోయిన అయిదు డాలర్లు రాలేదు గాని, ఒకని నోట చెప్పిన ఫిర్యాదు గాలిలో కలిసిపోవుననియు, అచ్చుపడిన ఫిర్యాదు ఊరంతయు వినుననియు అతనికి తెలిసివచ్చెను.

1868లో అతడు ఆ పత్రికయందే విలేఖరిగ చేరెను. తెల్లవారినది మొదలు అర్ధరాత్రివఱకు కాగితము చేత బట్టుకొని తిరుగు ఈ పొడుగాటి యువకుని చూచి తక్కిన విలేఖరులు మొదట నవ్విరి. పిదప అతడు తెచ్చు వార్తలను చూచి నవ్వుట మానిరి. మఱుసటి యేడు రాష్ట్ర శాసనసభకు సభ్యుడుగ ఎన్నుకొనబడి, ప్రజాధనమును దిగమ్రింగు కంట్రాక్టుదారులపై ధ్వజమెత్తెను. అతనికి లోపములు లేకపోలేదు. కోపము మితిమీఱినది. 1870లో తనను అవమానించిన యొకనిపై తుపాకి పేల్చి కాలికి గాయము చేసి, జుల్మానా చెల్లించుకొనెను. నిప్పువంటి స్వభావము గలవాని చేతికి పత్రికవంటి ఆయుధము వచ్చినచో ఏమగునో ముందు ముందు చూడగలము.

1878లో దివాలా తీసిన డిస్పాచి యను పత్రికను వేలములో 2,500 డాలర్లకు కొని, పోస్టు అను మఱియొక పత్రికతో కలిపి పోస్టు డిస్పాచి యని పేరిడెను. ఆ నగరమునందలి ధనవంతులు పన్ను తప్పించుకొనుటకై తమ ఆస్తిని అతిస్వల్పముగ చూపుచుండిరి. ఏ ధనికుడు తన ఆస్తి ఎంతయని లెక్క చూపెనో ఆ జాబితాను పులిట్జరు పత్రికలో అచ్చువేసెను. మేడలలో నివసించువారు చూపిన లెక్కలను చూచి సామాన్యులు విస్తుపోయిరి. అంతకుముందు గొప్పవారి వ్యవహారములు గొప్పవారికే తెలిసియుండెడివి. ఇప్పుడు బండి తోలువానికిని తెలిసెను. సంఘముయొక్క సిగ్గును మేలుకొల్పుటకు సత్యమైన జాబితా ఒకటి చాలునని ఈ పని నిరూపించెను.

1883లో పులిట్జరు న్యూయార్కు నగరమునకు వచ్చి, నష్టములతో నడచుచున్న వరల్డు అను దినపత్రికను 3,46,000 డాలర్లకు కొనెను. అప్పటికి దాని ప్రతులు దినమునకు సుమారు 15,000 మాత్రమే చెల్లుచుండెను. ఆ కాలపు పెద్ద పత్రికలు విద్వాంసులకును వర్తకులకును ఉద్దేశింపబడినవి. వాని వ్యాసములు దీర్ఘములు, అక్షరములు సూక్ష్మములు. పులిట్జరు వెల రెండు సెంట్లుగ నుంచెను. చిన్న వాక్యములు, తేట మాటలు, పెద్ద శీర్షికలు, బొమ్మలు ప్రవేశపెట్టెను. ఐరోపానుండి అప్పుడే వలస వచ్చి ఇంగ్లీషు కూడబలుకుకొనుచున్న కూలివాండ్రు సైతము ఈ పత్రికను చదువగలిగిరి. ఇఱుకు గదులలో ఎండకు సొమ్మసిల్లు పసిబిడ్డల కష్టమును, కర్మాగారములలోని పనివారి బాధలను అతడు మొదటి పుటకు తెచ్చెను. దానితోబాటు హత్యలు, దొంగతనములు, పెద్ద కుటుంబముల రహస్యములు కూడ పెద్ద అక్షరములలో వెలువడెను. జనులను పిలుచుటకు గంట మ్రోగింపవలయును గదా యని అతని సమాధానము. రెండేండ్లలోపల ప్రతుల సంఖ్య లక్ష దాటెను. తక్కిన పత్రికలు అతనిని నిందించుచునే వెలలు తగ్గించుకొనెను.

ఆ సమయముననే ఫ్రాన్సు దేశ ప్రజలు అమెరికాకు స్వాతంత్ర్యదేవి విగ్రహమును బహుమానముగ నిచ్చిరి. విగ్రహము సిద్ధమైనను దానిని నిలుపుటకు పీఠము పూర్తి కాలేదు. ఇంకను లక్ష డాలర్లు కావలసియుండెను. ధనవంతులు ముందుకు రాలేదు; ప్రభుత్వమును ఇయ్యలేదు. 1885 మార్చి మాసమున పులిట్జరు తన పత్రికలో సామాన్యులను అర్థించెను. ఎంత స్వల్పముగ నిచ్చినను దాత పేరు అచ్చువేయుదునని మాట యిచ్చెను. మఱునాటినుండి డబ్బు రాసాగెను. బడిపిల్లలు మిఠాయి కొనుట మాని సెంట్లు పంపిరి. చాకలి పని చేయు స్త్రీలు, కూలివారు, ముసలివారు తమ శక్తికొలది పంపిరి. వారి పేర్లు దినదినము పత్రికలో కనబడెను. అయిదు మాసములలో 1,20,000 మందికి పైగా ఇచ్చిన విరాళములు లక్ష డాలర్లు దాటెను. అందు చాలవఱకు ఒక్క డాలరునకు లోపడినవే. 1886 అక్టోబరు 28వ తేదీన విగ్రహావిష్కరణము జరిగెను. తన పేరు అచ్చులో చూచుకొన్న పేదవాడు ఆ విగ్రహము తనదనియు, ఆ దేశము తనదనియు తలంచెను. చెల్లాచెదరుగ నున్న జనులను ఒక ప్రజగ కూర్చు శక్తి పత్రికకు కలదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

1887లో నెల్లీ బ్లై అను మాఱుపేరుతో వ్రాయు యువతి యొకతె వరల్డు పత్రికకు పని కోరి వచ్చెను. బ్లాక్వెల్సు దీవిలోని స్త్రీల పిచ్చియాసుపత్రిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొని రమ్మని ఆమెకు చెప్పిరి. ఆమె పిచ్చిదానివలె నటించి, వైద్యుల పరీక్షలు దాటి, ఆ యాసుపత్రిలో పది దినములు గడపెను. చన్నీటి స్నానములు, చెడిన ఆహారము, పరిచారికల క్రూరత్వము, మతి స్థిరముగ నున్నను భాష రానందున అచ్చట చిక్కుకొన్న పరదేశ స్త్రీల దుర్గతి ఆమె కన్నులార చూచెను. ఆ వ్రాతలు వెలువడగనే నగరము తల్లడిల్లెను. న్యాయవిచారణ జరిగెను; అట్టి రోగుల సంరక్షణకు ప్రభుత్వము ధనము హెచ్చించెను. గోడలవెనుక మూలుగుచున్నవారి గొంతును ఒక పత్రిక లోకమునకు వినిపించెను.

ఐశ్వర్యము వచ్చెను, ఆరోగ్యము పోయెను. నలుబది సంవత్సరముల ప్రాయమునకే పులిట్జరు కన్నులు చీకట్లు క్రమ్మసాగెను. 1890లో అతడు సంపాదకత్వమునుండి విరమించెను. ఆ సంవత్సరాంతముననే వరల్డు పత్రికకు బంగారు పూతగల గుమ్మటముతో నూతన భవనము పూర్తి యయ్యెను. అప్పటికి న్యూయార్కులో అదియే మిక్కిలి ఎత్తయిన మేడ. అది నిలిచిన స్థలము, పూర్వము ఫ్రెంచి హోటలు ఉండిన స్థలమే! కాని ఆ మేడను తనివితీర చూచు భాగ్యము యజమానునకు లేకపోయెను. చిన్న చప్పుడును సహింపలేని నరముల వ్యాధియు అతనిని బాధించెను. ఓడలలోను, నిశ్శబ్దముగ కట్టించుకొన్న గదులలోను కాలము గడపుచు, కార్యదర్శులచే పత్రికలు చదివించుకొని వినుచు, సంకేత పదములతో తంతివార్తలు పంపుచు, దూరమునుండియే పత్రికను నడపెను. లోకమునకు కన్నువలె నుండదలచిన మనుష్యుడు తాను కన్నులు కోల్పోయెను.

1895లో విలియము రాండాల్ఫు హర్స్టు అను ధనిక యువకుడు న్యూయార్కులో జర్నలు అను పత్రికను కొని పులిట్జరుతో పోటీకి దిగెను. పులిట్జరు నేర్పిన విద్యలనే అతనిపై ప్రయోగించెను. వెల ఒక్క సెంటుగ నుంచెను. హెచ్చు జీతములిచ్చి వరల్డు పత్రిక ఆదివారపు సిబ్బందిని తనవైపునకు లాగుకొనెను. పసుపు రంగు అంగీ తొడిగిన బాలుని హాస్యచిత్రములు అప్పుడు మిగుల ప్రసిద్ధములు. వానిని గీయు చిత్రకారుని హర్స్టు తీసికొనిపోగా, పులిట్జరు మఱియొకనిచే ఆ బాలునినే గీయించెను. ఇట్లు రెండు పత్రికలును ఒకే పసుపు బాలునికై పెనగులాడుటచే, ఉద్రేకమును అమ్ముకొను వార్తారచనకు పసుపు పత్రికారచన యను పేరు స్థిరపడెను.

ఈ పోటీ పులిట్జరు స్వభావమును ఎట్లు మార్చెనో రెండు సంఘటనలు చెప్పగలవు. 1895 డిసెంబరులో వెనిజులా సరిహద్దునుగూర్చి అమెరికా, ఇంగ్లండు దేశములకు యుద్ధము వచ్చునట్లు కనబడెను. ప్రజలు రేగియుండిరి. అప్పుడు పులిట్జరు ఇంగ్లండులోని ప్రముఖులకు తంతివార్తలు పంపించి, వారిచ్చిన శాంతివచనములను క్రిస్మసు దినములలో తన పత్రికయందు ప్రకటించెను. జనుల కోపము చల్లారుటకు అది తోడ్పడెను. మూడేండ్లు గడువకమునుపే అతని పత్రిక వేఱు త్రోవ త్రొక్కెను. క్యూబా ద్వీపమున స్పెయిను ప్రభుత్వముపై తిరుగుబాటు జరుగుచుండెను. 1898 ఫిబ్రవరి 15వ తేదీ రాత్రి హవానా రేవునందు మెయిన్ అను అమెరికా యుద్ధనౌక ప్రేలి మునిగిపోయెను. 260 మందికి పైగా నావికులు మరణించిరి. కారణ మేమో ఎవరికిని తెలియదు. కాని పత్రికలు తెలియదని చెప్పుటకు సిద్ధముగ లేవు. శత్రువు చేసిన ద్రోహమని జర్నలు చాటెను. వరల్డు వెనుకబడ నొల్లలేదు. అనుమానములు ప్రశ్నలుగను, ప్రశ్నలు వార్తలుగను, వార్తలు నిశ్చయములుగను మాఱెను. ప్రతులు దినమునకు పది లక్షలు దాటెను. ఏప్రిలు మాసమున యుద్ధము ప్రారంభమయ్యెను. పత్రికలే యుద్ధమును పుట్టించినవని చెప్పుట సరికాదు; రాజకీయ కారణములు, వర్తక కారణములు అనేకములు కలవు. కాని ప్రజల మనస్సులలో ఎండుపుల్లలు పేర్చినవి ఆ పెద్ద అక్షరములే. 1976లో అమెరికా నౌకాదళమునకు చెందిన నిపుణులు మఱల పరిశోధించి, ఓడలోని బొగ్గుగది యందు పుట్టిన నిప్పే ప్రేలుడునకు కారణమై యుండవచ్చునని తేల్చిరి. డెబ్బదియెనిమిది సంవత్సరములు ఆలస్యముగ వచ్చిన ఆ మాట చనిపోయిన వారిలో ఒక్కనినైన బ్రతికింపజాలదు.

ఆ యుద్ధము మఱియొక విధముగను పులిట్జరునకు అపకీర్తి తెచ్చెను. న్యూయార్కు వీధులలో పత్రికలమ్ము పేద బాలురు నూఱు ప్రతులను 50 సెంట్లకు కొని అమ్ముకొనుచుండిరి. యుద్ధకాలమున గిరాకి హెచ్చగా పత్రికలవారు నూటికి 60 సెంట్లు చేసిరి. యుద్ధము ముగిసి గిరాకి తగ్గిన పిదప తక్కిన పత్రికలు పాత వెలకు వచ్చినను, వరల్డు, జర్నలు మాత్రము రాలేదు. 1899 జూలైలో బాలురు సమ్మె కట్టిరి. తండ్రిలేని పిల్లవాడుగ ఆకలి నెఱిగినవాడే, పేదల పక్షమున పత్రికను నిలిపినవాడే, పది సెంట్లకొఱకు పేదపిల్లలతో పోరాడవలసివచ్చెను! రెండు వారములలో వరల్డు అమ్మకము సగమునకంటె తక్కువయ్యెను. తుదకు వెల తగ్గింపకున్నను, అమ్ముడుపోని ప్రతులను తిరిగి పుచ్చుకొందుమని యజమానులు ఒప్పుకొనిరి. ఇతరుల తప్పులను జాబితా వేసి చూపిన పత్రికకు తన తప్పును చూపినవారు చదువులేని బాలురు.

అటుపిమ్మట పులిట్జరు మెల్లమెల్లగ వెనుకకు మరలెను. వరల్డు పత్రికలో కేకలు తగ్గెను, పరిశోధన హెచ్చెను. వైద్యునకును న్యాయవాదికిని విద్యాలయములున్నవి. లక్షలమంది మనస్సులపై అధికారము గల పత్రికా రచయితకు శిక్షణ అక్కఱలేదా యని అతడు తలపోసెను. కొలంబియా విశ్వవిద్యాలయమున పత్రికా రచనా విద్యాలయము స్థాపించుటకు ఇరువది లక్షల డాలర్లు ఏర్పాటు చేసెను. ఆ విద్య కార్యాలయములలో పని చేయుచు నేర్చుకొనదగినదే కాని బడిలో నేర్పదగినది కాదని పలువురు పరిహసించిరి. 1904లో అతడు దీర్ఘవ్యాసము వ్రాసి వారికి బదులు చెప్పెను. ధనార్జనమే ముఖ్యోద్దేశముగ గల పత్రిక ప్రజలను తనవలె నీచులనుగ చేయునని అతని అభిప్రాయము. ఆ మాట అనుభవించి చెప్పినవాని మాట.

అతని ధైర్యమునకు తుది పరీక్ష 1908లో వచ్చెను. పనామా కాలువకై అమెరికా ప్రభుత్వము చెల్లించిన నాలుగు కోట్ల డాలర్లు ఎవరెవరికి చేరినవని వరల్డు పత్రిక ప్రశ్నించెను. అధ్యక్షుడు థియొడోరు రూజువెల్టు ఆగ్రహించి, ప్రభుత్వముచేతనే పరువునష్టపు అభియోగము పెట్టించెను. కన్నులు లేని వృద్ధుడు చెఱసాలకైన సిద్ధపడెను గాని ప్రశ్నను ఉపసంహరించుకొనలేదు. 1911 జనవరి 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఏకగ్రీవముగ పత్రిక పక్షమున తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే అక్టోబరు 29వ తేదీన, చార్లెస్టను రేవునందు తన ఓడలో పులిట్జరు కన్నుమూసెను. అతని వయస్సు అఱువదినాలుగు.

1912లో అతడు కోరిన విద్యాలయము తెఱువబడెను. 1917నుండి అతని పేరిట ఉత్తమ పత్రికారచనకును, సాహిత్యమునకును బహుమానము లీయబడుచున్నవి. 1937లో ఆ బహుమానమును పంచుకొన్న అయిదుగురిలో భారతదేశమున జన్మించిన గోవింద విహారీ లాల్ ఒకడు. సామాన్యులకు విజ్ఞానశాస్త్రమును బోధపఱచిన వార్తలకు ఆయనకు ఈ గౌరవము లభించెను. వరల్డు పత్రికను 1931లో కుమారులు అమ్మివేసిరి. బంగారు గుమ్మటపు మేడ 1955లో పడగొట్టబడెను. సెంట్లు కూర్చి కట్టిన పీఠము మాత్రము నిలిచియున్నది.

బాలబాలికలారా! పీఠమును కట్టించినదియు, యుద్ధమునకు పుల్ల వేసినదియు ఒక్క పత్రికయే, ఒక్క యజమానుడే, ఒక్క విధమైన పెద్ద అక్షరములే. భేద మెక్కడ నున్నది? మొదటిదానియందు పత్రిక తనకు తెలిసిన దానిని చెప్పెను. రెండవదానియందు తెలియని దానిని తెలిసినట్లు చెప్పెను. మొదటిదానియందు పేదవాని పేరు ముఖ్యము. రెండవదానియందు అమ్ముడుపోవు ప్రతుల లెక్క ముఖ్యము. ఇందు చదువరులకు పాలు లేదని అనుకొనరాదు. పది లక్షలమంది ప్రతిదినము చేయి చాపి కొన్నందుననే ఆ కేకలు పది లక్షల ప్రతులయ్యెను. నేడు వార్త కాగితముపై వచ్చినను, అఱచేతిలోని ఫోనునందు వచ్చినను న్యాయ మొక్కటియే. ఒక సంగతి చదివి మీకు కోపము వచ్చినపుడు, ఇది చెప్పువానికి ఎట్లు తెలిసినదని ఒక్కమాఱు అడుగుడు. సమాధానము లేకున్నచో, మఱునాటివఱకు ఓర్చుకొని, ఆ వార్తను ఇంకొకరి చెవిని వేయకుండుడు. పత్రికను వ్రాయువారు కొందఱే. దానిని మంచిదిగ నుంచువారు చదువు మనమందఱము.